భిన్న ఘాతాంకాల సమీకరణాలు: విప్పే ముందు ఆ రెండు అంకెల్ని చూడండి

య^(2/3) = 16. ఈ సమీకరణం ఇస్తే చాలామంది అర నిమిషంలో 64 అని రాసేసి తర్వాతి లెక్కకు వెళ్ళిపోతారు. 64 తప్పేమీ కాదు. కానీ −64 కూడా సమాధానమే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. దీని పక్కనే య^(3/4) = −8 ఇచ్చి చూడండి. అదే ఊపులో 16 అని రాస్తారు. అక్కడ అసలు సమాధానమే లేదు.

రెండు చోట్లా వాడింది ఒకే చిట్కా: "ఘాతాంకాన్ని తిరగేసి రెండు వైపులా వేయడం". ఒక చోట అది ఉన్న సమాధానాన్ని మింగేసింది, ఇంకో చోట లేని సమాధానాన్ని పుట్టించింది. చిట్కా చెడ్డది కాదు, దాన్ని ఎక్కడ నమ్మాలో తెలియకుండా వాడటమే చిక్కు. ఎక్కడ నమ్మాలో ఆ భిన్నంలోని రెండు అంకెలే, అంటే లవమూ హారమూ చెప్పేస్తాయి. ఈ మార్గదర్శి అంతా ఆ రెండు అంకెల్ని చదవడం గురించే.

ముందుగా రాత పద్ధతి. తెలియని రాశికి ఇక్కడ "య" అని రాస్తున్నాను. మీ పుస్తకంలో ఆ చోట ఎక్స్ ఉంటుంది. ఇది నా సొంత కల్పన కాదు. బ్రహ్మగుప్తుడు, భాస్కరాచార్యుల సంప్రదాయంలో తెలియని మొదటి రాశిని యావత్-తావత్ అనేవారు, కుదించి "యా" అని రాసేవారు. రెండో రాశి కావాల్సి వస్తే రంగుల పేర్లు వాడేవారు. మొదటి రంగు కాలకం, అంటే నలుపు, కాబట్టి "కా". మనకూ మధ్యలో రెండో అక్షరం అవసరపడుతుంది, దానికి "క" వాడదాం. ^ గుర్తు తర్వాత ఉన్నది ఘాతాంకం.

భిన్నం ఏం చెబుతోంది

9^(1/2) అంటే ఏమిటి? తొమ్మిదిని సగం సార్లు గుణించడం అంటే అర్థం లేదు. కానీ ఘాతాంకాల సూత్రాలు చెడకూడదు అనుకుంటే దాని విలువ దానంతట అదే తేలుతుంది. 9^(1/2) ని వర్గం చేస్తే, ఘాతం మీద ఘాతం వచ్చినప్పుడు ఘాతాంకాలు గుణించుకోవాలి కాబట్టి, 9¹ రావాలి. వర్గం చేస్తే 9 ఇచ్చే సంఖ్య వర్గమూలమే. అంటే 1/2 ఘాతం వర్గమూలం, 1/3 ఘాతం ఘనమూలం, 1/5 ఘాతం అయిదో మూలం.

ఈ ఆలోచన పాతదే. 14వ శతాబ్దంలోనే నికోల్ ఒరెమ్ భిన్న ఘాతాలతో లెక్కలు చేశాడు, అయితే ఆయన వాడిన గుర్తులు వేరు. √ గుర్తు 1525లో క్రిస్టోఫ్ రుడోల్ఫ్ పుస్తకంలో అచ్చయింది. 17వ శతాబ్దం మధ్యలో జాన్ వాలిస్ భిన్న, రుణ ఘాతాంకాలకు అర్థం స్థిరపరిచాడు. 1676లో న్యూటన్ రాసిన లేఖల్లో మనం ఇప్పుడు రాస్తున్న రూపం కనిపిస్తుంది. మూల చిహ్నం ఉండగా ఇంకో రాత ఎందుకంటే, √, ∛ ల మధ్య లెక్క చేయాలంటే ప్రతిసారీ కొత్త ఉపాయం కావాలి. 1/2 కీ 1/3 కీ మధ్య అయితే చిన్నప్పటి భిన్నాల కూడికే సరిపోతుంది.

కాబట్టి య^(2/3) లో హారం 3 మూలాన్ని చెబుతుంది, లవం 2 ఘాతాన్ని చెబుతుంది. ఏది ముందు చేయాలి? చేత్తో చేసేటప్పుడు మూలమే ముందు. 32^(3/5) తీసుకోండి. ముందు ఘనం చేస్తే 32768 వస్తుంది, దాని అయిదో మూలం కోసం తల పట్టుకోవాలి. ముందు అయిదో మూలం తీస్తే 2, దాని ఘనం 8. అయిపోయింది.

ఇక్కడే ఒక మాట మనసులో గట్టిగా నాటుకోవాలి. 9 కి వర్గమూలాలు రెండు, 3 మరియు −3. కానీ 9^(1/2) అనే రాత వాటిలో ఒక్కదాని పేరు, ధనాత్మకమైన 3 పేరు. ± అనేది క² = 9 అని ఎవరైనా అడిగినప్పుడు మనం చెప్పే జవాబులో వస్తుంది, 9^(1/2) అని రాసి ఉన్నచోట రాదు. ఈ అధ్యాయంలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గర పుట్టినవే.

ఇంకొక హెచ్చరిక, కూడిక మీద ఘాతం పంచబడదు. (9 + 16)^(1/2) అంటే 25 వర్గమూలం, 5. విడివిడిగా 3 + 4 = 7 కాదు. గుణకారం మీదైతే పంచవచ్చు, అదీ లోపలి సంఖ్యలు రుణాత్మకం కానప్పుడు నిశ్చింతగా.

మొదటి మెట్టు: రెండు అంకెల పరీక్ష

ముందు భిన్నాన్ని కనిష్ఠ రూపానికి తెచ్చుకోండి. ఇది ముచ్చట కోసం చెప్పే మాట కాదు. (−8)^(1/3) అంటే −2. అదే ఘాతాంకాన్ని 2/6 అని రాసి, ముందు వర్గం చేసి, తర్వాత ఆరో మూలం తీస్తే 64 ఆరో మూలం, అంటే 2 వస్తుంది. ఒకే సంఖ్యకు రెండు విలువలు ఉండవు కదా. భూమి, అంటే ఘాతాంకం కింద ఉన్న సంఖ్య, రుణాత్మకం అయినప్పుడు 2/6 ని 2/6 గానే ఉంచి లెక్క చేయకూడదని అర్థం. కనిష్ఠ రూపంలో లవం, హారం రెండూ సరి సంఖ్యలు కాలేవు కనుక మనకు మిగిలేవి మూడే రకాలు. మనం వాస్తవ సంఖ్యల్లోనే ఉంటున్నామనుకోండి.

హారం సరి సంఖ్య అయితే (1/2, 3/4, 5/6 లాంటివి) సరి మూలం తీస్తున్నట్టు. కింద రుణ సంఖ్య ఉండకూడదు, వచ్చే విలువ కూడా రుణాత్మకం కాదు. అంటే య^(3/4) = −8 అని కనబడగానే కలం కింద పెట్టేయవచ్చు. ఎడమ వైపు ఎప్పటికీ సున్నా కన్నా కిందికి దిగదు, కుడి వైపు −8. తిరగేసే చిట్కా వాడితే (−8)^(4/3) = 16 వస్తుంది. దాన్ని వెనక్కి వేసి చూడండి: 16^(3/4) = 8, −8 కాదు. 16 దొంగ సమాధానం.

హారం బేసి, లవం సరి అయితే (2/3, 4/5 లాంటివి) కింద ఏ సంఖ్య అయినా ఉండొచ్చు, కానీ లవం దాన్ని వర్గం చేసేస్తుంది, గుర్తు చెరిపేస్తుంది. అందుకే సమాధానాలు జంటగా వస్తాయి. కుడి వైపు ధన సంఖ్య ఉంటే రెండు, సున్నా ఉంటే ఒకటి, రుణ సంఖ్య ఉంటే ఏమీ లేవు. మొదట్లో −64 జారిపోయింది ఇక్కడే.

లవం, హారం రెండూ బేసి అయితే (1/3, 3/5, 5/3) హాయి. ఏ సంఖ్యకైనా విలువ ఉంటుంది, ఏ విలువకైనా ఒకే ఒక్క సమాధానం ఉంటుంది. య^(3/5) = −8 అయితే అయిదో మూలం ఘనం −8, కనుక అయిదో మూలం −2, కనుక య = −32. తిరగేసే చిట్కాను కళ్ళు మూసుకుని నమ్మదగింది ఈ ఒక్క రకంలోనే.

ఘాతాంకం రుణాత్మకమైతే పై పరీక్షకు ఒక షరతు చేర్చండి: భూమి సున్నా కాకూడదు. అంతే.

రెండో మెట్టు: ఒంటరి చేసి, పొర పొరగా విప్పడం

3(2య − 5)^(3/4) − 7 = 74 అనుకుందాం. ఘాతాంకం ఉన్న ముక్కను ఒంటరి చేయకుండా ఘాతం వేయడానికి పూనుకుంటే లెక్క చిక్కుపడిపోతుంది. కట్టిన మూటను విప్పినట్టు, చివర వేసిన ముడి ముందు విప్పాలి.

3(2య − 5)^(3/4) = 81
(2య − 5)^(3/4) = 27

ఇప్పుడు పరీక్ష. హారం 4, సరి. కుడి వైపు 27, ధన సంఖ్య. సమాధానం ఉంటుంది, ఒకటే ఉంటుంది. నాలుగో మూలం ఘనం 27 అంటే నాలుగో మూలం 3. కాబట్టి 2య − 5 = 3⁴ = 81, య = 43. వెనక్కి వేస్తే 81^(3/4) = 27, మూడు రెట్లు 81, అందులో 7 తీస్తే 74. సరిపోయింది.

లవం సరి అయినప్పుడు నా సలహా ఒక్కటే: తిరగేసిన ఘాతాన్ని ఒకే దెబ్బలో వేయకండి, రెండు అడుగులుగా వేయండి. (య − 1)^(2/5) = 4 చూడండి. దీన్ని "అయిదో మూలం, దాని వర్గం 4" అని పైకి చదవండి. వర్గం 4 అనగానే ± దానంతట అదే నోటికొస్తుంది. అయిదో మూలం 2 లేదా −2. అయిదో ఘాతం వేస్తే య − 1 = 32 లేదా −32. య = 33 లేదా −31. ఒకే దెబ్బలో 4^(5/2) = 32 అని రాసిన వాళ్ళ చేతికి 33 మాత్రమే వస్తుంది.

రుణ ఘాతాంకాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. య^(−3/2) = 8/27 అంటే రెండు వైపులా తలకిందులు చేస్తే య^(3/2) = 27/8. వర్గమూలం ఘనం 27/8, కనుక వర్గమూలం 3/2, య = 9/4. రుణ గుర్తు భిన్నాన్ని తిరగేయమంటుంది, సంఖ్యను రుణాత్మకం చేయమనదు. ఈ రెండిటినీ కలిపేసి −9/4 అని రాసిన జవాబులు లెక్కలేనన్ని చూశాను.

మూడో మెట్టు: సరిచూడటం, ఎప్పుడు తప్పనిసరి

"జవాబు వచ్చాక సరిచూసుకోండి" అని అందరూ చెబుతారు, ఎవరూ చేయరు. ఎందుకు చేయాలో తెలిస్తే చేస్తారేమో.

(య + 7)^(1/2) = య + 1 తీసుకోండి. రెండు వైపులా వర్గం చేస్తే:

య + 7 = య² + 2య + 1
య² + య − 6 = 0
(య − 2)(య + 3) = 0

2 వేస్తే ఎడమ వైపు 3, కుడి వైపు 3. బాగుంది. −3 వేస్తే ఎడమ వైపు 2, కుడి వైపు −2. బెడిసింది. ఎక్కడా తప్పు చేయలేదు, కారణాంకాలు సరిగ్గానే ఉన్నాయి. మరి −3 ఎలా చొరబడింది? 2 = −2 అనేది అబద్ధం. కానీ వర్గం చేస్తే 4 = 4, నిజం. వర్గం చేయడం గుర్తును మరిచిపోతుంది కాబట్టి ఒక అబద్ధం నిజం వేషం వేసుకుని లోపలికి వచ్చేసింది. మనం వర్గం చేసిన క్షణంలోనే (య + 7)^(1/2) = −(య + 1) అనే ఇంకో సమీకరణం కూడా లోపలికి వచ్చి కూర్చుంది. −3 దాని సమాధానం.

దీన్ని బట్టి నియమం తేలుతుంది. రెండు వైపులా సరి ఘాతం వేసినప్పుడల్లా సరిచూడటం తప్పనిసరి. బేసి ఘాతమే వేసి ఉంటే దొంగ సమాధానం రాదు, అప్పుడు సరిచూడటం కేవలం చేతి పొరపాట్ల కోసమే. సరిచూసేటప్పుడు మొట్టమొదట ఇచ్చిన సమీకరణంలోనే వేయాలి, మధ్యలో మనం తయారు చేసుకున్న దానిలో కాదు. వర్గం చేశాక వచ్చిన వరుసలో −3 చక్కగా ఇమిడిపోతుంది మరి.

రెండు మూలాలున్న సమీకరణంలో వర్గం రెండుసార్లు చేయాల్సి రావచ్చు. (2య + 3)^(1/2) − (య + 1)^(1/2) = 1 లో ముందు ఒక మూలాన్ని అవతలికి పంపండి: (2య + 3)^(1/2) = 1 + (య + 1)^(1/2). రెండూ ఒకే వైపు ఉండగా వర్గం చేస్తే మధ్య పదం పెద్దదై కూర్చుంటుంది. ఇప్పుడు వర్గం చేస్తే 2య + 3 = య + 2 + 2(య + 1)^(1/2), అంటే య + 1 = 2(య + 1)^(1/2). ఇక్కడ మళ్ళీ వర్గం చేయాల్సిన పని లేదు. (య + 1)^(1/2) ని క అనుకుంటే క² = 2క, క = 0 లేదా 2, య = −1 లేదా 3. రెండూ వేసి చూడండి: 1 − 0 = 1, 3 − 2 = 1. రెండూ నిలబడ్డాయి. ప్రతిసారీ ఒకటి కొట్టేయాలన్న నియమమేమీ లేదు. కొందరు అలవాటు కొద్దీ రుణ సంఖ్యను కొట్టేస్తారు, అదీ తప్పే.

క ని తెచ్చుకోవడం: వర్గ సమీకరణం వేషంలో ఉన్నవి

య^(2/3) − య^(1/3) − 6 = 0. ఒక ఘాతాంకం ఇంకోదానికి రెట్టింపు. ఈ జాడ కనబడితే చిన్న ఘాతాన్ని క అనుకోండి. క = య^(1/3) అయితే క² − క − 6 = 0, (క − 3)(క + 2) = 0, క = 3 లేదా −2. ఘనం చేస్తే య = 27 లేదా −8. హారం 3 బేసి కాబట్టి రెండూ చెల్లుతాయి.

ఇప్పుడు ఇంచుమించు అదే ముఖంతో ఉన్న ఇంకొకటి: య^(1/2) − య^(1/4) − 6 = 0. క = య^(1/4) అనుకుంటే వచ్చేది అచ్చం అదే వర్గ సమీకరణం, అవే మూలాలు 3, −2. కానీ నాలుగో మూలం −2 కాలేదు. దాన్ని అక్కడే వదిలేయాలి. క = 3 నుంచి య = 81 మాత్రమే. పట్టించుకోకుండా −2 కి నాలుగో ఘాతం వేస్తే 16 వస్తుంది. 16 ని అసలు సమీకరణంలో వేస్తే 4 − 2 − 6 = −4, సున్నా కాదు.

ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చేతితో చేయమని నా మనవి. బీజగణితమంతా ఒకటే, మారింది హారం ఒక్కటే, సమాధానాల సంఖ్య మారిపోయింది. క అని రాసిన వెంటనే దాని పక్కన "క ≥ 0" లేదా "క ఏదైనా" అని రాసుకునే అలవాటు ఉంటే ఈ అధ్యాయంలో సగం మార్కులు మీ జేబులో ఉన్నట్టే.

హారాలు వేరువేరుగా ఉంటే వాటి క.సా.గు. చూడాలి. య^(1/2) = 2య^(1/3) లో 2, 3 ల క.సా.గు. 6. క = య^(1/6), క ≥ 0. అప్పుడు య^(1/2) = క³, య^(1/3) = క². సమీకరణం క³ = 2క². ఇక్కడ చెయ్యి దురదపెట్టి రెండు వైపులా క² తో భాగించి క = 2 అనేస్తారు, య = 64 అని ముగిస్తారు. సున్నాతో భాగించే అవకాశం ఉన్నచోట భాగించకూడదు. అంతా ఒక వైపుకు తెచ్చి క²(క − 2) = 0 అని రాస్తే క = 0 కూడా బయటపడుతుంది. య = 0, 64. భాగించడం వల్ల పోయేది ఎప్పుడూ మనం భాగించినదాన్ని సున్నా చేసే సమాధానమే, అది అంత నిశ్శబ్దంగా పోతుంది కాబట్టే దొరకదు.

అతి చిన్న ఘాతాన్ని బయటికి లాగడం

య^(3/2) − 2య^(1/2) − 3య^(−1/2) = 0 లాంటివి అవకలనం చేసేవాళ్ళకు తరచూ ఎదురవుతాయి. భిన్న ఘాతాలున్న ప్రమేయాన్ని అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే సరిగ్గా ఇలాంటి రూపమే వస్తుంది. మూడు ఘాతాంకాల్లో అతి చిన్నది −1/2. దాన్ని ఉమ్మడిగా బయటికి తీయండి. ప్రతి పదంలోనూ ఘాతాంకం నుంచి −1/2 ని తీసేస్తే, అంటే 1/2 కలిపితే, లోపల మిగిలేవి 2, 1, 0:

య^(−1/2) (య² − 2య − 3) = 0

బయట ఉన్నది ఎప్పుడూ సున్నా కాదు. లోపలిది (య − 3)(య + 1). −1 ని తీసుకోలేం, ఎందుకంటే హారం సరి, ఘాతాంకం రుణాత్మకం, కాబట్టి య ధన సంఖ్యే అయి ఉండాలి. మిగిలింది 3. వేస్తే 3√3 − 2√3 − √3 = 0.

రెండు వైపులా ఒకే ఘాతం ఉంటే

(3య + 1)^(2/3) = (య + 9)^(2/3). ఘాతాంకాలు సమానం కాబట్టి వాటిని కొట్టేసి 3య + 1 = య + 9, య = 4 అనాలనిపిస్తుంది. కొట్టేయడం అనే క్రియ బీజగణితంలో లేదు. ఉన్నది ఘనం చేయడం, మూలం తీయడం మాత్రమే. ఘనం చేస్తే రెండు వర్గాలు సమానం అవుతాయి. వర్గాలు సమానమైతే సంఖ్యలు సమానం కావచ్చు, లేదా గుర్తు మారి ఉండవచ్చు. రెండో దారిలో 3య + 1 = −(య + 9), 4య = −10, య = −5/2. వేసి చూస్తే ఒక వైపు భూమి −13/2, ఇంకో వైపు 13/2, వర్గం చేశాక తేడా లేదు. ఘాతాంకం 3/5 అయి ఉంటే 4 ఒక్కటే సరిపోయేది. అదే రెండు అంకెల పరీక్ష మళ్ళీ.

తెలియని రాశి ఘాతాంకంలోనే కూర్చుంటే, అంటే 8^య = 16 లాంటివి అయితే, అవి వేరే జాతి. రెండిటినీ 2 ఘాతాలుగా రాసి 3య = 4, య = 4/3 అని తేల్చవచ్చు, అలా కుదరకపోతే సంవర్గమానాలు కావాలి. ఈ పద్ధతుల్ని అక్కడ వాడబోకండి.

కాలిక్యులేటర్ చేసే మాయలు

64^2/3 అని కుండలీకరణాలు లేకుండా కొడితే యంత్రం ముందు 64 ని వర్గం చేసి 4096 ని 3 తో భాగిస్తుంది, 1365.33 చూపిస్తుంది. మీకు కావాల్సింది 16. ఘాతాంకాన్ని కుండలీకరణాల్లో పెట్టడం మరవకండి. 2/3 ని 0.67 అని కుదించి కొట్టడం ఇంకో పొరపాటు. 1000^(2/3) సరిగ్గా 100, 1000^0.67 మాత్రం సుమారు 102.3. ఘాతాంకంలో చిన్న కుదింపు ఫలితంలో పెద్దదై బయటికొస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ మందిని తికమక పెట్టేది రుణ భూమి. పైథాన్‌లో −8 ని కుండలీకరణాల్లో పెట్టి 1/3 ఘాతం అడిగితే −2 రాదు, సుమారు 1 + 1.732𝑖 అనే సంకీర్ణ సంఖ్య వస్తుంది. అది తప్పు కాదు. ఘనం చేస్తే −8 ఇచ్చే సంఖ్యలు సంకీర్ణ సంఖ్యల్లో మూడున్నాయి, వాటిలో ప్రధాన మూలం అని ఒప్పందం చేసుకున్నదాన్ని అది ఇస్తోంది. మనం బళ్ళో చేసుకున్న ఒప్పందం వేరు. కొన్ని గ్రాఫ్ సాఫ్ట్‌వేర్లు య^(2/3) గీస్తే ఎడమ సగం మాయమయ్యేది కూడా ఇందుకే. అప్పుడు ఘనమూలాన్ని విడిగా తీసి, దాన్ని వర్గం చేయమని అడగండి, రెక్కలు రెండూ వస్తాయి.

ఈ లెక్కలు పుస్తకం బయట

1619లో కెప్లర్ ప్రకటించిన మూడో నియమం ఇలాంటి సమీకరణమే. సూర్యుడి నుంచి గ్రహం సగటు దూరాన్ని భూమి దూరంతో పోల్చి కొలిస్తే, దాని 3/2 ఘాతమే ఆ గ్రహం సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టే సంవత్సరాలు. గురుడి దూరం 5.2 అయితే 5.2^(3/2), అంటే సుమారు 11.86 సంవత్సరాలు. వెనక్కి కూడా నడవవచ్చు. శనికి 29.46 సంవత్సరాలు పడుతుంది, దూరమెంత? య^(3/2) = 29.46. హారం సరి, ఒకే సమాధానం, అదీ ధనాత్మకం. 29.46 వర్గం సుమారు 867.9, దాని ఘనమూలం సుమారు 9.54. శని మనకన్నా దాదాపు తొమ్మిదిన్నర రెట్ల దూరంలో ఉందని టేపు లేకుండా కొలిచాం.

జీవశాస్త్రంలో 1932లో మాక్స్ క్లైబర్ గమనించిన సంబంధం ఇంకొకటి. విశ్రాంతిలో ఉన్న క్షీరదం ఒక రోజులో ఖర్చు చేసే శక్తి, దాని బరువు 3/4 ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. స్థూలంగా 70య^(3/4) కిలో కేలరీలు, య కిలోల్లో. 1890 కిలో కేలరీలు ఖర్చయ్యే జంతువు బరువు ఎంత ఉండొచ్చు? య^(3/4) = 27, నాలుగో మూలం 3, య = 81 కిలోలు. బరువు 16 రెట్లయినా ఖర్చు 8 రెట్లే అవుతుందన్నది కూడా ఈ ఘాతాంకంలోనే ఉంది.

చేతికి పని

ఇవి మీరే చేయండి, జవాబులు వెంటనే ఇస్తున్నాను, తొంగి చూడకండి.

(య + 3)^(4/3) = 81. జవాబు 24, −30.

2య^(−1/3) = −1. జవాబు −8.

య^(1/2) + 3య^(1/4) = 10. జవాబు 16 ఒక్కటే. 625 కూడా వచ్చి ఉంటే క పక్కన షరతు రాయలేదన్నమాట.

(5య − 4)^(1/2) = య. జవాబు 1, 4. రెండూ అసలైనవే. ఒకటి దొంగదేమోనని వెతికి ఉంటే మంచిదే.

య^(4/3) − 13య^(2/3) + 36 = 0. ఇది నాకు ఇష్టమైనది. క = య^(2/3) అనుకుంటే క = 4 లేదా 9, రెండూ ధనాత్మకమే కాబట్టి రెండూ పనికొస్తాయి. ఇక్కడ చాలామంది 8, 27 రాసి ఆగిపోతారు. లవం ఇంకా 2 గానే ఉంది, వర్గం ఇంకా విప్పలేదు. ఘనమూలం ±2, ±3. సమాధానాలు నాలుగు: 8, −8, 27, −27.